సంపాదనమా? సంచారమా?

మా మిత్రులొకరు గత మాసమున మాకొక జాబు వ్రాసిరి. వారు రెవెన్యూ కచ్చేరీలో గుమాస్తా. వారి పెద్దమ్మాయి ఈ యేడు నీట్ పరీక్ష చక్కగా వ్రాసినది. కన్వీనరు కోటాలో సీటు తప్పక వచ్చునని లెక్కలు వేసి చూచిన వారందరును చెప్పుచున్నారట. పరీక్ష మే నెలలో ముగియును. పిమ్మట ఫలితములు, ధ్రువపత్రముల పరిశీలన, కౌన్సెలింగు, సీట్ల కేటాయింపు అనునవి యొకటొకటిగా గడచి కళాశాలలో అడుగు పెట్టునప్పటికి నాలుగు నెలలైనను పట్టుచున్నవి. ఈ నాలుగు నెలలు ఆ బాలిక యేమి చేయవలెననుటయే మా మిత్రుల ప్రశ్న.

ఆమె చదివిన కోచింగు సంస్థవారే ఆమెను పిలిచి, క్రింది తరగతుల పిల్లలకు సందేహములు తీర్చుచుండిన యెడల నెలకు పదునైదు వేల రూపాయలిత్తుమనిరి. ఇంతలో ఆమె మేనత్త వచ్చి, "దీనిని నాతో పంపు, అన్నయ్యా. ఇరువదియైదు దినములు త్రిప్పి తెచ్చెదను" అనెను. ఆ మేనత్త శ్రీకాకుళము జిల్లా పల్లెలలో ముప్పది యేండ్లు ఏ.ఎన్.ఎం.గా పని చేసి విశ్రాంతి పుచ్చుకొన్న స్త్రీ. మిత్రుల జాబు చివర నిట్లున్నది: "తిరుగుట యెప్పుడైనను తిరుగవచ్చును. వచ్చు డబ్బును కాలదన్నుకొనుట వివేకమా? పైగా ఆడపిల్ల. మీరు ఉపాధ్యాయులు, మీ మాట అది వినును. సంపాదింపుమని మీరొక ముక్క చెప్పుడు."

ఆ ముక్క మేము చెప్పజాలము. ఏల చెప్పజాలమో వారికొక్కరికే గాక, ఇట్టి పిల్లలుగల గృహస్థులందరికిని తెలుపుట మంచిదని ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

మొదట మా తప్పును మేము ఒప్పుకొనవలెను. ఏడేండ్ల క్రిందట మా శిష్యుడొకడు ఇదే ప్రశ్నను మాయొద్దకు తెచ్చెను. వాని స్నేహితులు ఇద్దరు బస్సులమీదను రైళ్లమీదను ఊళ్లు చూచి రావలెనని బయలుదేరుచుండిరి. వానికిని పోవలెనని యుండెను. కోచింగు సంస్థవారు వానిని సైతము పిలిచియుండిరి. విద్యార్థి క్షణమును, ధనార్థి కణమును విడువరాదని పెద్దలు చెప్పిన నీతిని మేము వానికి వినిపించి, "తిరిగిన కాలికి ధూళియే మిగులును, సంపాదింపుము" అని పంపితిమి. వాడు మూడు నెలలు ఆ సంస్థలోనే పాఠములు చెప్పి, వచ్చిన డబ్బుతో ఒక ల్యాప్‌టాప్ కొనుక్కొని కళాశాలకు పోయెను. మేము చాల సంతసించితిమి.

గత సంవత్సరము మా పల్లెలో పొరుగున నుండు వృద్ధుడొకరికి మధుమేహమని తెలిసి, మేమే వెంటబెట్టుకొని పెద్దాసుపత్రికి తీసికొనిపోతిమి. అచ్చట మమ్ము చూచి నిలుచున్న హౌస్ సర్జను మా శిష్యుడే. వాడు మాకు నమస్కరించి, కుర్చీ వేయించి, వృద్ధుని శ్రద్ధగా పరీక్షించి, పై వైద్యునికి చూపి, మాత్రలు వ్రాయించి తెచ్చెను. ఉదయమున ఫలహారమునకు ముందొకటి, రాత్రి భోజనమునకు ముందొకటి. వృద్ధుడు తలయూపెను; మేమును తలయూపితిమి.

ఆ వృద్ధుని యింట ఉదయఫలహారమను మాట లేదు. ఆయన నాలుగింట లేచి పశువులకు మేత వేసి, ఆరింటికి చేలోనికి పోయి, పదిన్నరకు ఇంటినుండి అంబలి వచ్చినప్పుడు త్రాగును. అట్లే డెబ్బది యేండ్లు గడిపెను. ఉదయమున వేసికొమ్మన్నారు గనుక ఉదయమున నిద్ర లేచినతోడనే మాత్ర వేసికొనెను. నాలుగవనాడు తొమ్మిది గంటలవేళ ఒడలెల్ల చెమట పట్టి, చేతులు వణకి, చాలులో పడిపోయెను. ప్రక్క చేలోని యువకుడు పంచదార నీళ్లు పోసి 108 బండికి కబురు చేయుటచేత ఆయన బ్రతికెను. ఒంటిలో చక్కెర మిక్కిలి పడిపోయెనని ఆసుపత్రిలో చెప్పిరి.

మందు తప్పు కాదు, మోతాదు తప్పు కాదు. "తాతా, నీవు ప్రొద్దున ఎన్నింటికి తిందువు?" అని యొక్క ప్రశ్న యడుగకపోవుటయే తప్పు. మాకు మొదట శిష్యునిమీద కోపము వచ్చెను. తరువాత ఆలోచించి చూడగా, ఆ ప్రశ్న వానికెట్లు తట్టునని తోచెను. పదునాల్గవ యేటినుండి వాడు వసతిగృహములో పెరిగెను. ఏడున్నరకు గంట కొట్టుదురు, ఇడ్లీలు పెట్టుదురు. పరీక్ష ముగిసిన పిమ్మట మూడు నెలలు మా సలహామీదనే మరల ఆ గంట క్రిందనే గడపెను. అటుపిమ్మట వైద్యకళాశాల వసతిగృహము. లోకమంతయు ఏడున్నరకు ఫలహారము చేయునని వాడు నమ్మినచో ఆ నమ్మకమును కల్పించినవారు ఎవరు? గంట మ్రోగని యిండ్లను చూచి రాగల మూడు నెలలు వాని చేతిలో నుండగా, వాటిని నెలకింత యని అమ్మించినవారము మేమే.

ఇక మిత్రుల వాదములను ఒక్కొక్కదానినే విచారింతము.

మొదటిది ధనము. ఇంట పొయ్యి వెలుగుటకు బిడ్డ జీతము ఆవశ్యకమైనచో అది వేరు సంగతి. అట్టి యింటి బిడ్డ సంపాదింపక తప్పదు. ఆ బిడ్డకు మేము చెప్పవలసినదియు లేదు. పేదవాని పూట యెట్లు గడచునో తెలిసికొనుటకు వాడు రైలెక్కనక్కరలేదు. మేము మాటలాడునది, రెండు త్రోవలలో ఏదో యొకటి యెన్నుకొనగల మధ్యతరగతి గృహస్థులతో. నెలకు పదునైదు వేల వంతున మూడు నెలలకు నలువదియైదు వేలు. కన్వీనరు కోటాలో సీటు వచ్చినచో ఈ డబ్బు లేక చదువు ఆగిపోదు. యాజమాన్యపు కోటాయే గతి యైనచో పలు కళాశాలలలో ఏటి రుసుము పది లక్షలు దాటియున్నది. ఆ గోతిని ఈ దోసెడు మన్ను పూడ్చజాలదు. అనగా ఈ సంపాదన యొకచోట అనవసరము, మరియొకచోట చాలనిది. అయినను మనము దానిని ఘనముగా నెంచుట, చేతికి వచ్చిన కాగితము కంటికి కనబడును గాని చేజారిన దినము కనబడకపోవుటచేతనే.

జీవకుని కథ మన పాఠకులెరిగినదే. అతడు రాజగృహమునుండి దూరదేశమైన తక్షశిలకు పోయి యేడేండ్లు వైద్యము నభ్యసించెను. తిరిగి వచ్చునపుడు గురువిచ్చిన బత్తెము సాకేతపురము చేరునప్పటికి చెల్లిపోగా, అచ్చట ఒక శ్రేష్ఠి భార్యకు చిరకాలమునుండి యున్న తలనొప్పిని నయము చేసి పదునారువేల కార్షాపణములను బహుమానముగా పొందెనని బౌద్ధ వినయగ్రంథములు చెప్పుచున్నవి. విద్య చేతనున్న వైద్యునికి ధనము త్రోవలో నెదురు వచ్చినది. ధనమును ముందు మూటగట్టుకొని పిమ్మట విద్యకు పోదునని జీవకుడు రాజగృహముననే యుండిపోయిన యెడల ఆయన పేరు మనకు తెలిసియుండదు.

రెండవ వాదము: "తిరుగుట యెప్పుడైనను తిరుగవచ్చును." ఇది వినుటకు నిజము, లెక్కకు అబద్ధము. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర యేండ్లు, దానిపై ఒక యేడు నిర్బంధ ఇంటర్న్‌షిప్పు, పిమ్మట పై చదువునకు మరల పరీక్ష, మరల మూడేండ్లు. ఈలోపల పెండ్లి. ఆ తరువాత తిరుగుదురు, నిజమే. కారులో తిరుగుదురు, హోటలులో దిగుదురు. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఒకసారి తెల్లకోటు తొడిగిన పిమ్మట ఆ మనుష్యునితో లోకులు మునుపటివలె మాటలాడరు. రైలులో ప్రక్కన కూర్చున్నవాడు డాక్టరని తెలిసిన క్షణమున చేయి చాపి నాడి చూడుమందురు, తిన్నది చెప్పరు, తినవలసినదానిని చెప్పుదురు, త్రాగుడు మానితిమందురు, మాత్రలు తప్పక వేసికొనుచున్నామందురు. పదునెనిమిదేండ్ల పిల్లకు మాత్రము ఉన్నదున్నట్లు చెప్పుదురు, ఏలయన ఆమెకు భయపడవలసినది లేదు, ఆమెవలన కావలసినదియు లేదు. ఏమియు తెలియనివారుగా పోయి తెలిసికొని రాగల కాలము జీవితమున ఈ నాలుగు నెలలే. ఇది తరువాత ఏ ధరకును దొరకదు.

దీనికి ప్రత్యుత్తరముగా కొందరు, "కళాశాలలోనే ఆ యేర్పాటున్నది గదా, మొదటి సంవత్సరమునుండియే విద్యార్థులు పల్లెలలో కొన్ని కుటుంబములను దత్తత తీసికొని పరామర్శింపవలెనని ఇటీవలి నిబంధనలు చెప్పుచున్నవి" అందురు. ఆ నిబంధన మంచిది. పెట్టినవారు మేము చెప్పుచున్న లోటును గుర్తించియే పెట్టిరి. కాని విద్యార్థులు కళాశాల బస్సులో తెల్లకోట్లతో దిగి, చేత కాగితములు పట్టుకొని ప్రశ్నలడిగి, చీకటి పడకముందు వసతిగృహమునకు చేరుదురు. ఆ బస్సు వెళ్లిపోయిన పిమ్మట ఆ పల్లెకు బస్సున్నదో లేదో వారికి తెలియదు. రోగి రేయి కడుపునొప్పి వచ్చి యేమి చేసెనో తెలియుటకు, ఆ రేయి ఆ యూర నుండవలెను.

మూడవ వాదము నేటి కాలమునకు చెందినది: చరవాణిలో అన్నియు కనబడుచుండగా కాళ్లరుగ తిరుగనేల? మేము మన తెలుగునేలమీది నాలుగు చోట్లను చెప్పెదము. పాఠకులే తీర్పు చెప్పుదురు గాక.

సికింద్రాబాదునకు చేరువ బేగంపేటలో ఒక పాత భవనము కలదు. 1897 ఆగస్టు 20 వ తేదీని రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమి జాడను కనుగొన్నది సికింద్రాబాదులోనే. ఆ భవనము ఆయన స్మారకముగా నిలిచియున్నది. రాస్ పేరు పరీక్షకు చదివిన ప్రతి బాలునకు తెలియును. ఆ దోమలకు తన రక్తము నిచ్చిన రోగి హుస్సేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున ఆయనకు కూలి ముట్టినది. ఆ మెట్లమీద ఒక గడియ కూర్చున్నచో, పుస్తకములో ఒక పేరును, మంచముమీద ఒక పేరును ఉండునని వైద్యము చదువబోవు పిల్లకు తెలిసివచ్చును.

నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతములలో త్రాగునీటిలోని ఫ్లోరైడు మనుష్యుల యెముకలను చెరచుచున్నదని 1937 లో వైద్యులు ప్రకటించిరి. నల్లగొండలో మర్రిగూడ ప్రాంతమును అట్టిదే. ఇప్పుడు దూరపు నదీజలము గొట్టములద్వారా వచ్చినది. కాని ఒకసారి బిగిసిన వెన్నెముక మరల వంగదు, వంగినది నిలువదు. ఆ యూళ్లలో నీళ్లబిందె నెత్తిన బెట్టుకొన్న అవ్వతో నాలుగడుగులు నడచినవారికి, "శుద్ధజలము త్రాగుడు" అని చీటీమీద వ్రాయుట యెంత తేలికయో, త్రాగుట యెంత కష్టమైయుండెనో బోధపడును.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో కొబ్బరితోటలు, జీడితోటలు కన్నుల పండువుగా నుండును. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస మొదలగుచోట్ల ఆ తోటలలో పని చేయువారి మూత్రపిండములు చెడిపోవుచున్నవి. కారణమింకను నిస్సంశయముగా తేలలేదు. 2023 లో పలాసలో మూత్రపిండవ్యాధులకు ప్రత్యేకమైన ఆసుపత్రి నెలకొల్పబడినది. డయాలిసిస్ వారమునకు రెండు మూడు పర్యాయములు చేయవలెనని గ్రంథములో ఒక్క పంక్తి యుండును. ఆ పంక్తి యర్థము ఉద్దానపు రోడ్డుమీద తెలియును: రోగికి కూలి పోవును, తోడు వచ్చువానికి కూలి పోవును, చూచుకొనువారు లేక ఇంట బిడ్డ బడి మానును. మా మిత్రుల చెల్లెలు ముప్పది యేండ్లు తిరిగినది ఈ పల్లెలలోనే.

మదనపల్లెకు దగ్గరనున్న ఆరోగ్యవరములో 1915 లో క్షయరోగులకొక శానటోరియము వెలసెను. స్ట్రెప్టోమైసిన్ ఇంకను పుట్టని కాలమది; గాలి, విశ్రాంతి, ఆహారము, సేవ ఇవియే మందులు. మందులేని దినములలో వైద్యుడు చేసిన పని యేమో ఆ చెట్లక్రింద నడచి యాలోచించిన వానికి, మందున్న దినములలో తాను చేయవలసిన పని మరింత స్పష్టమగును.

వీనిని చరవాణి చూపదా? చూపును. కాని రోగి వచ్చు త్రోవను చూపదు. వైద్యుడు రోగిని ఆ త్రోవ చివర మాత్రమే చూచును; ఆలస్యముగా వచ్చినావేమని కసరును. తెల్లవారుజామున నడిచి, రెండు బస్సులు మారి, చీటీ వరుసలో నిలుచుండి వచ్చిన మనుష్యుడు తొందరగానే వచ్చినాడని, ఆ త్రోవను తాను నడచినవానికే తెలియును. అరణ్యమున ఓషధుల నామరూపములను మేకలకాపరులు, గొఱ్ఱెలకాపరులు, గోపాలకులు, వనవాసులు ఎరుగుదురని చరకసంహిత చెప్పుచున్నది. ఆ యోషధులను రోగికి యోజించు నేర్పు వైద్యునిదే యని కూడ చెప్పినది. మొదటి దానికి వనమునకు పోవలెను, రెండవ దానికి గురుకులమునకు పోవలెను. మనము రెండవ దానిని మాత్రము నిలుపుకొని, మొదటి దానిని కాలహరణమనుచున్నాము.

నాలుగవది, "పైగా ఆడపిల్ల" యను మాట. జాబులోని వాదములన్నిటిలో ఇది చిన్నదిగా వ్రాయబడినది గాని అసలు వాదమిదియేయని మా యనుమానము. కుమారుడై యుండిన మిత్రులు మాకు జాబు వ్రాసియుండెడివారు కారు. ఈ బాలికయే ఐదేండ్లలో రాత్రి రెండుగంటలకు వార్డులో ఒంటిగా నిలిచి, త్రాగి వచ్చిన వాని గాయమును కుట్టవలసియున్నది. అప్పుడు అక్కరకు వచ్చు ధైర్యమును ఇప్పుడు గదిలో దాచిపెట్టి పెంచగలమా? ఆనందీబాయి జోషి 1883 ఏప్రిల్ నెలలో కలకత్తానుండి ఓడ యెక్కునప్పటికి ఆమెకు పదునెనిమిదేండ్లు. భర్త తోడు లేకయే, పరిచయస్థులైన స్త్రీలతో కలిసి అమెరికాకు పోయి, 1886 లో పెన్సిల్వేనియాలోని స్త్రీల వైద్యకళాశాలలో పట్టము పొందెను. ఆనాడు సముద్రము దాటుటకు చాలిన స్త్రీల తోడు, నూటనలువది యేండ్లు గడచిన పిమ్మట పలాసకు పోవుటకు చాలదా? అందును ఆ తోడు సొంత మేనత్త, ముప్పది యేండ్లు వేళగానివేళ ప్రసవములకు పోయి వచ్చిన స్త్రీ. ఇంతకంటె మంచి తోడును మా మిత్రులు ఎక్కడనుండి తెత్తురు?

ఐదవ వాదము బలమైనది. దానిని మేము గౌరవింతుము. సంపాదన మనుష్యునకు క్రమశిక్షణ నేర్పును, రూపాయి విలువ తెలుపును అందురు. నిజమే, అయితే ఏ సంపాదన? భీమవరమున 1895 లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బాల్యమున డబ్బు సంపాదింపవలెనని కాశీకి పారిపోయి యాత్రికులకు అరటిపండ్లమ్మదలచిరని ఆయన చరిత్రకారులు వ్రాసిరి. పిమ్మట బోస్టను నగరము చేరి, వైద్యపట్టము చేతనుండియు, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రల నెత్తు పని చేసిరి. అట్టి సంపాదన విద్యయే. మందులకొట్టులో పొట్లము కట్టుట, ఆసుపత్రిలో చీటీలు వ్రాయుట, రోగుల బండి త్రోయుట, వీనిలో దేనికైన మా మిత్రులు తమ కుమార్తెను పంపుదురా? పంపినచో మేమీ వ్యాసమును చింపివేయుదుము. వారు పంపదలచినది, ఆమె రెండేండ్లు కూర్చున్న గదికే. ఆమె విడిపించుకొని వచ్చిన లెక్కలనే ఇతరులకు విడిపించుటకు. అది ఆమెకు రూపాయి విలువను నేర్పదు. తాను మొదటి ర్యాంకులలో నొకతెనను గర్వమును మాత్రము మరి నాలుగు నెలలు పోషించును.

సంచారమన్నచో మేము వినోదయాత్రను చెప్పుటలేదు. కొండలలో ఫోటోలు దిగి, తిన్నదానినెల్ల లోకమునకు చూపి వచ్చుటకు మా సిఫారసు అక్కరలేదు. పల్లెవెలుగు బస్సులోను, రైలులో సాధారణపు పెట్టెలోను పోవలెను. రోగులను వింతగా చూచుటకు పోరాదు. ఎవరికిని మందు చెప్పరాదు. ఎవరి ఫోటోయు తీయరాదు. ఎవరింట నేమి తినిరి, ఎన్నింటికి తినిరి, నీళ్లెక్కడివి, ఆసుపత్రికి బస్సు ఎన్నింటికి, రానుపోను ఖర్చెంత యను నీ చిన్న సంగతులను ఒక నోటుపుస్తకములో వ్రాసికొని రావలెను. కౌన్సెలింగు తేదీలు నడుమ వచ్చును గనుక ధ్రువపత్రములను ముందే సిద్ధపరచి, ఫలితములు వెలువడకమునుపే ప్రయాణము ముగించుకొనుట మేలు. ఖర్చు నిరాడంబరముగా చేసినచో, కోచింగువారిచ్చు ఒక నెల జీతమునకు మించదని మా యంచనా.

మిత్రులకు మేమిట్లు వ్రాసితిమి: "అమ్మాయిని మేనత్తతో పంపుడు. తిరిగి వచ్చిన పిమ్మట కళాశాల తెరచులోపల దినములు మిగిలినచో పాఠములు చెప్పుకొననిండు, మాకభ్యంతరము లేదు. నలువదియైదు వేలలో ఎంత తరిగినదో లెక్క వ్రాసి యుంచుడు. ఆమె డాక్టరైన పిమ్మట ఆ లెక్కను ఆమె ముందు పెట్టి, నష్టమో లాభమో ఆమెనే యడుగుడు." జాబు వ్రాసి పది దినములైనది, ప్రత్యుత్తరమింకను రాలేదు.

మా పొరుగు వృద్ధుడు ఇప్పుడు అంబలికి ముందు మాత్ర వేసికొనుచున్నాడు. వేళ మార్చినది మా శిష్యుడే. సంగతి తెలిసిన వారమున సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, మా పల్లెకు వచ్చి, వృద్ధుని గడపలో కూర్చుండి ఆయన దినచర్యనంతయు అడిగి వ్రాసికొనెను. పోవునపుడు మాతో, "మాస్టారూ, ఇంత దూరమని నాకు తెలియదండీ" అనెను. మేము బదులు చెప్పలేకపోతిమి. బిడ్డలను వైద్యవిద్యకు పంపుచున్న తలిదండ్రులు ఈ మాటను ముందుగానే విందురు గాక యని మా ప్రార్థన.